పుస్తకంలోని వంటకం మీ పొయ్యి మీదికి: తీరిక లేని ఇంటికి వంటల నోట్‌బుక్ తయారుచేసుకునే పద్ధతి

‘ఉప్పు తగినంత’, ‘చింతపండు నిమ్మకాయంత’, ‘మూడు విజిల్స్ వచ్చేదాకా’. తెలుగులో వంటల పుస్తకం ఏది తెరిచినా ఈ మూడు మాటలు కనిపిస్తాయి. చేయి తిరిగినవాళ్లకు అవి చాలు. పొద్దున ఏడున్నరకల్లా రెండు బాక్సులు కట్టి, పిల్లల్ని బస్సెక్కించి, ఆఫీసుకు బయల్దేరాల్సిన మనిషికి చాలవు. ఆ హడావిడిలో ‘తగినంత’ ఎంతో తేల్చుకునే తీరిక ఉండదు.

వంటకాలకు కొరత లేదు. పుస్తకాలు, పత్రికలు, యూట్యూబ్, అమ్మ ఫోను, అన్నీ ఉన్నాయి. కానీ ఎక్కడినుంచి తెచ్చుకున్న వంటకమైనా మీ గ్లాసు, మీ కుక్కరు, మీ ఇంటి కారం లెక్కల్లోకి మార్చి రాసుకున్నాకే అది మీకు పనికొస్తుంది. అలా రాసుకున్నవి నలభై ఉంటే నలుగురున్న ఇంటికి ఏడాది పొడుగునా సరిపోతాయి. ఆ నలభైని ఎక్కడ వెతకాలి, ఎలా వడకట్టాలి, ఎలా రాయాలి అన్నది వరసగా చూద్దాం.

1. ముందు గ్లాసు కొలవండి

కావాల్సిన సామాను తక్కువే. 1 గ్రాము తేడా కూడా చూపించే, 5 కిలోల దాకా తూచే డిజిటల్ కాటా ఒకటి, కొలత చెంచాల సెట్టు ఒకటి (5 మి.లీ. చిన్న చెంచా, 15 మి.లీ. పెద్ద చెంచా), రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కో ప్లాస్టిక్ కవర్లున్న ఫైలో ఒకటి. వంటింట్లో తడి చేతులు తప్పవు కాబట్టి ఫైలే నయం.

ఇంట్లో రోజూ బియ్యం కొలిచే స్టీలు గ్లాసును కాటా మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని మిల్లీలీటర్ల గ్లాసు. ఒక ఇంట్లో 200 వస్తుంది, ఇంకో ఇంట్లో 280 వస్తుంది. ఆ అంకెను పర్మనెంట్ మార్కర్‌తో గ్లాసు అడుగున రాసేయండి. ఇకమీదట నోట్‌బుక్‌లో ‘గ్లాసు’ అంటే ఇదొక్కటే.

ఇది ఎందుకు ముఖ్యమో అన్నం దగ్గరే తెలుస్తుంది. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మి.లీ. బియ్యం దానితో కొలిచి, ‘ఒకటికి రెండు’ అని నీళ్లు 240 మి.లీ. గ్లాసుతో పోస్తే, నిజానికి పోసింది ఒకటికి రెండున్నర పైనే. అన్నం ముద్దయితే బియ్యాన్ని తిడతాం. తప్పు కప్పుది. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. అమెరికా పుస్తకాల్లో కప్పు సుమారు 240 మి.లీ., ఆస్ట్రేలియాలో 250. పైగా ఆస్ట్రేలియాలో పెద్ద చెంచా 20 మి.లీ., మిగతా చోట్ల 15. మెల్‌బోర్న్‌లో కొన్న చెంచాతో డల్లాస్ వంటకం చేస్తే కారం మూడో వంతు ఎక్కువ పడుతుంది.

పిండ్లను మాత్రం గ్లాసుతో కొలవొద్దు, తూచండి. 240 మి.లీ. కప్పులో బియ్యమో కందిపప్పో అయితే 200 గ్రాములకు అటూ ఇటూ పడతాయి. శనగపిండి వదులుగా పోస్తే 100 దగ్గర, కుదిపి నింపితే 120 దగ్గర తూగుతుంది. జంతికల పిండి ఒకసారి కుదిరి ఇంకోసారి కుదరకపోవడానికి చాలాసార్లు ఈ తేడాయే కారణం.

2. వారం కాదు, రెండు వారాలు రాసి చూడండి

కొత్త వంటకాలు వెతికే ముందు మీ ఇంట్లో నిజంగా ఏం తింటున్నారో రెండు వారాల పాటు ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి రాయండి. ఏ పూట ఏం వండారు, ఏది మిగిలింది, ఏ పూట బయటినుంచి తెప్పించారు. చాలా ఇళ్లలో పప్పు, వేపుడు, చారు, పెరుగు చక్కగా నడుస్తుంటాయి. ఇబ్బందల్లా రెండు మూడు చోట్ల ఉంటుంది: స్కూలు బాక్సు, సాయంత్రం ఆరింటి ఆకలి, గురువారం రాత్రి. మీ కాగితం మీద ఖాళీ ఎక్కడుందో దానికే వంటకం వెతకండి. టిఫిను బాక్సుకు నాలుగు రకాలు కావాల్సిన ఇంటికి నలభై రకాల బిర్యానీ ఉన్న పుస్తకం ఎందుకూ పనికిరాదు.

3. ఎక్కడ దేన్ని వెతకాలి

ఒక్కో చోట ఒక్కోటి బాగా దొరుకుతుంది. అన్నీ ఒకే చోట దొరకవు.

ఇంట్లో పెద్దవాళ్లు: మొదటి స్థానం వీళ్లదే, పోటీ లేదు. కానీ ‘ఎంత వేస్తావమ్మా?’ అని అడిగితే ‘కాస్త’ అనే సమాధానమే వస్తుంది. వాళ్లు దాచడం లేదు. కొలత చేతికే తెలుసు, నోటికి తెలియదు. అందుకని అడగొద్దు, తూచండి. వంట మొదలుపెట్టకముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె గిన్నె, చింతపండు డబ్బా ఒక్కోటీ కాటా మీద పెట్టి రాసుకోండి. అత్తగారినో అమ్మమ్మనో చేయి ఆపకుండా ఎప్పట్లాగే వండనివ్వండి. దించాక అవే డబ్బాలు మళ్లీ తూచండి. ఉప్పు డబ్బా 612 నుంచి 603కి దిగితే ఆ కూరలో పడ్డది 9 గ్రాములు. దీనికి మించిన కచ్చితత్వం ఏ పుస్తకంలోనూ దొరకదు. దూరంగా ఉంటే వీడియో కాల్‌లో ఆవైపు ఎవరైనా తూచి చెప్పొచ్చు. ‘ఎంతసేపు వేయించాలి?’ అని కాకుండా ‘ఎలా కనిపిస్తే దించుతావు?’ అని అడగండి. పచ్చివాసన పోవడం, నూనె అంచుల్లో తేలడం, ఆవాల చిటపట ఆగడం, చారు పైన నురగ పొంగడం, ఇలాంటి గుర్తులే వస్తాయి. వాటిని అదే మాటల్లో రాసుకోండి. ఆ రోజు ఎంతమంది తిన్నారో కూడా రాయండి.

పాత అచ్చు పుస్తకాలు: మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ లాంటివి దశాబ్దాలుగా అచ్చవుతూనే ఉన్నాయంటే ఊరికే కాదు. పిండివంటలకు, పచ్చళ్లకు, పొడులకు వీటిని నమ్మొచ్చు. చదివేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. పాత వంటకాలు పెద్ద కుటుంబాలకు రాసినవి, కాబట్టి మీ ఇంటికి సగమో పావో చేసుకోవాల్సి రావచ్చు. రెండోది కొలతలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న వరస చాలాచోట్ల ఒకటే గానీ, సోల పరిమాణం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారేది. అందుకే సోలను మిల్లీలీటర్లలోకి మార్చే తిప్పలు పడొద్దు. వంటకం మొత్తం సోలల్లోనే ఉంటే నిష్పత్తి పట్టుకోండి, సోల స్థానంలో మీ గ్లాసు పెట్టండి.

పచ్చళ్ల దగ్గర మాత్రం ఒక హెచ్చరిక. ఆవకాయకు ‘ఉప్పు, కారం, ఆవపిండి సమపాళ్లు’ అని రాసి ఉంటే, ఆ సమం కొలతలోనా తూకంలోనా అన్నది తేల్చుకోకుండా కాయ కొట్టొద్దు. అదే గ్లాసుతో కొలిస్తే ఉప్పు బరువు కారం బరువుకు రెట్టింపు దాకా ఉంటుంది. గ్లాసు లెక్కలో చెప్పినదాన్ని తూకంలో సమంగా వేస్తే ఉప్పు సగానికి పడిపోయి, పచ్చడి బూజు పడుతుంది. తూకంలో చెప్పినదాన్ని గ్లాసుతో కొలిస్తే నోట్లో పెట్టుకోలేం. కళ్లుప్పుకీ పొడి ఉప్పుకీ గ్లాసు లెక్క మళ్లీ వేరు. ఏడాది నిలవ ఉండాల్సిన పచ్చడికి కొలత కాదు, తూకమే రాసుకోండి.

పత్రికలు: ఈనాడు వసుంధర లాంటి పేజీల్లో, ఆదివారం అనుబంధాల్లో వచ్చే వంటకాలు సీజన్‌కు తగ్గట్టు ఉంటాయి. చింతచిగురు వచ్చినప్పుడు చింతచిగురు, ఉసిరి వచ్చినప్పుడు ఉసిరి. ఆలోచనకు బాగుంటాయి. చోటు తక్కువ కాబట్టి మంట, సమయం, గిన్నె సైజు వంటివి రాయరు. వాటిని మీరే నింపుకోవాలి.

యూట్యూబ్: కంటితో చూసి నేర్చుకోవాల్సినవాటికి దీన్ని మించింది లేదు. పూతరేకు మడత, బొబ్బట్టు ఒత్తడం, పాకం తీగ సాగడం లాంటివి అక్షరాల్లో చెప్పలేం. ఆంధ్రలో కట్టెల పొయ్యి మీద వండుతూ ప్రపంచానికంతా తెలిసిన మస్తానమ్మ గారి వీడియోల్లో కొలతలు వెతికితే దొరకవు. చేతి ఒడుపు, కూర రంగు, ఎసరు తీరు చూస్తే బోలెడు దొరుకుతుంది. కొలతల కోసం వెళ్తే మాత్రం వీడియోను మూడు రకాలుగా పరీక్షించండి. గ్రాముల్లో చెప్పారా? మంట పెద్దదో చిన్నదో ప్రతిచోటా చెప్పారా? చివర్లో గరిటెతో తీసి చిక్కదనం చూపించారా? మూడింటిలో రెండు లేకపోతే వదిలేయండి. ఇక సమయం. ‘ఉల్లిపాయలు ఐదు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయి’ అన్న చోట వీడియో కత్తిరించారనే లెక్క. పావుకిలో ఉల్లి మధ్యస్థం మంట మీద నిజంగా ఎర్రబడాలంటే 15 నుంచి 20 నిమిషాలు. ఇది తెలియక రాత్రి ఎనిమిదింటికి కోడికూర మొదలుపెట్టినవాళ్లు తొమ్మిదిన్నరకు గానీ తినలేరు. కింద వ్యాఖ్యల్లో పొగడ్తలు వదిలేసి, ‘ఉప్పు ఎక్కువైంది’, ‘నీళ్లు చాల్లేదు’ అన్నవి చదవండి. నలుగురు ఒకే మాట అంటే అది నిజం.

కుక్కర్‌తో వచ్చే పుస్తకం: దీన్ని అట్టపెట్టెతో పాటు పారేసేవాళ్లే ఎక్కువ. ఆ కుక్కరుకు ఏ పప్పు ఎన్ని నీళ్లలో ఎన్ని నిమిషాలు అన్న పట్టిక అందులో ఉంటుంది. మీ గిన్నెకే కొలిచి ఇచ్చిన అంకెలు ఇంకెక్కడా దొరకవు. చింపి నోట్‌బుక్ మొదటి పేజీలో అంటించండి.

పిల్లల ఎదుగుదలో, షుగరో దృష్టిలో పెట్టుకుని వండేవాళ్లు పోషకాల అంకెలకు వాట్సాప్ సందేశాలు నమ్మొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. గోంగూరలో ఏముంది, రాగుల్లో ఏముంది అన్నది అక్కడ చూసుకోవాలి.

4. మూడుసార్లు వండాకే రాయండి

మొదటిసారి వారాంతంలో, ఉన్నది ఉన్నట్టే చేయండి. నూనె ఎక్కువనిపించినా తగ్గించకండి. మార్చి వండితే లోపం వంటకానిదో మీదో తెలియదు. గడియారం పక్కన పెట్టుకుని ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు దించారు అన్నది రాయండి. రెండోసారి ఒక్కటే మార్చండి. ఉప్పు, నీళ్లు, మంట మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో అంతుపట్టదు. మూడోసారి వారం మధ్యలో, అసలు హడావిడిలో వండండి. అప్పుడూ కుదిరితే నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. పదింటిలో నాలుగు నిలబడితే చాలు.

ఎక్కువగా ఎక్కడ తప్పుతుందో ముందే తెలిస్తే సగం పని తగ్గుతుంది.

విజిల్స్ లెక్క నమ్మదగింది కాదు. మంట పెద్దదైతే మూడు విజిల్స్ నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్నదైతే పన్నెండు పడుతుంది. ‘మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి 8 నిమిషాలు, ఆపాక ఆవిరి దానంతట అదే పోయేదాకా’ అని రాసుకోండి. పప్పు వండేటప్పుడు కుక్కరు సగానికి మించి నింపొద్దు, నురగ వెయిటులోకి ఎక్కుతుంది.

పప్పు ఉడకకపోతే మూడు కారణాల్లో ఒకటి: పాత పప్పు, ఉప్పు నీళ్ల బోరు, ముందే వేసిన పులుపు. చింతపండు, గోంగూర, మామిడికాయ, టమాటా పప్పుతో పాటే కుక్కర్లో పడితే ఆ పులుపు వల్ల గింజ గట్టిపడి మెత్తబడదు. మెదిపాకే పులుపు కలపాలి.

‘కారం రెండు చెంచాలు’ అన్నది ఏ కారం? గుంటూరు సన్నం ఘాటు వేరు. రంగు కోసం వాడే కశ్మీరీ, బ్యాడిగి, వరంగల్ చపాటా రకాల ఘాటు అందులో కొంతే. వంటకం ఉత్తరాదిదైతే గుంటూరు కారం సగంతో మొదలుపెట్టండి.

‘రాత్రంతా పులియబెట్టాలి’ అన్నది ఊరిని బట్టి ఉంటుంది. మే నెలలో విజయవాడలో ఇడ్లీ పిండి 6, 7 గంటల్లోనే పొంగి పొర్లుతుంది. జనవరిలో షికాగోలో 14 గంటలైనా కదలదు. ఓవెన్ వేడి చేయకుండా, లోపలి దీపం మాత్రం వేసి అందులో పెడితే పొంగుతుంది. పేజీలో గంటలు కాదు, ‘రెట్టింపు అయ్యేదాకా’ అని రాయండి.

రెట్టింపు మందికి వండితే అన్నీ రెట్టింపు చేయొద్దు. తాలింపు నూనె ఒకటిన్నర రెట్లు చాలు. మూత తీసి వండేవాటిలో నీళ్లు ఆవిరయ్యేది గిన్నె మూతి వెడల్పును బట్టి కాబట్టి నీళ్లూ రెట్టింపు కంటే తక్కువే పడతాయి. ఉప్పు ఒకటిన్నర రెట్లు వేసి రుచి చూసి మిగతాది వేయండి.

5. పేజీ ఎలా ఉండాలి

ఒక వంటకం, ఒకే పేజీ. వెనక్కి తిప్పాల్సి వస్తే అది హడావిడిలో పనికిరాదు. పైన రెండు సమయాలు రాయండి: మొత్తం ఎంతసేపు, అందులో చేతిపని ఎంత. పప్పు నలభై నిమిషాలు పట్టొచ్చు, చేతిపని పన్నెండు నిమిషాలే. చాలా పుస్తకాలు ఈ రెండో అంకె ఇవ్వవు. తీరిక లేనివాళ్లకు కావాల్సింది అదే.

‘దోసకాయ పప్పు: కందిపప్పు ఒక గ్లాసు, దోసకాయ ఒకటి, చింతపండు కొంచెం, ఉప్పు కారం తగినంత, తాలింపు’ అని ఎక్కడో రాసున్నదాన్ని మన లెక్కలోకి మారిస్తే పేజీ ఇలా ఉంటుంది.

దోసకాయ పప్పు, నలుగురికి. మొత్తం 45 నిమిషాలు, చేతిపని 15.
కందిపప్పు 150 గ్రా., నీళ్లు 450 మి.లీ., పసుపు పావు చెంచా (ఈ పేజీలో చెంచా అంటే 5 మి.లీ. చిన్న చెంచా), దోసకాయ ముక్కలు 250 గ్రా., పచ్చిమిర్చి 4, చింతపండు 10 గ్రా., కారం 1 చెంచా, ఉప్పు 9 గ్రా. (చెంచాన్నర). తాలింపుకు నూనె 2 చెంచాలు, ఆవాలు, జీలకర్ర అర చెంచా చొప్పున, మినప్పప్పు 1 చెంచా, ఎండుమిర్చి 2, వెల్లుల్లి 4 రెబ్బలు, ఇంగువ చిటికెడు, కరివేపాకు ఒక రెమ్మ.
0 నిమిషం: పప్పు కడిగి వేడినీళ్లలో నానబెట్టు. చింతపండు నానబెట్టు. అన్నం కుక్కరు ఆన్ చెయ్యి.
5: దోసకాయ కోసి, ముక్కా గింజా రెండూ నాకి చూడు. చేదుంటే పారెయ్యి, పులుపుంటే చింతపండు సగమే.
20: పప్పు కుక్కర్లో. మొదటి విజిల్ తర్వాత చిన్న మంట మీద 8 నిమిషాలు.
22: పక్క పొయ్యి మీద ముక్కలు, పచ్చిమిర్చి, సగం ఉప్పు, అర గ్లాసు నీళ్లు. మూతపెట్టి 8 నిమిషాలు. ముక్క గుచ్చుకోవాలి, చిదగకూడదు.
38: పప్పు మెదిపి ముక్కల్లో కలుపు. చింతపండు రసం, కారం, మిగతా ఉప్పు. రెండు పొంగులు.
43: తాలింపు. ఆవాల చప్పుడు ఆగాకే వెల్లుల్లి, చివర కరివేపాకు.
కింద ఎర్ర ఇంకుతో: ‘చల్లారితే చిక్కబడుతుంది. బాక్సుకైతే అర గ్లాసు నీళ్లు ఎక్కువ.’

ఆ ఎర్ర ఇంకు వరసే పేజీకి ప్రాణం. వండిన ప్రతిసారీ కొత్తగా తెలిసింది తేదీతో అక్కడే రాయండి.

ఉప్పుకు ఒక కొండగుర్తు: తయారైన కూర బరువులో సుమారు ఒక శాతం. పై పప్పు 900 గ్రాములకు కాస్త అటూ ఇటూ వస్తుంది, అందుకే 9 గ్రాములు. పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములు మించొద్దంటోంది. ఈ పప్పుతోనే రెండు గ్రాముల పైన వెళ్లిపోతుంది. కాబట్టి పక్కన అప్పడం, పచ్చడి రెండూ పెట్టాలా అన్నది పేజీ చూసి తేల్చుకోవచ్చు.

6. కూరలు, పచ్చళ్లు అని విడదీయకండి

అచ్చు పుస్తకాల వరస వెతుక్కోవడానికి బాగుంటుంది గానీ, ‘ఇరవై నిమిషాలే ఉంది, ఏం చేయను?’ అన్న ప్రశ్నకు జవాబివ్వదు. ఫైలును చేతిపనిని బట్టి విడదీయండి. మొదట పది నిమిషాల్లోపువి: గుడ్డు పొరటు, టమాటా చారు, నిమ్మకాయ పులిహోర, పెసరపప్పు చారు. తర్వాత పాతిక నిమిషాలవి. ఆ తర్వాత ముందురోజే సగం చేసిపెట్టగలిగినవి. గుత్తివంకాయ, చేపల పులుసు, దమ్ బిర్యానీ చివర్లో ఆదివారానికి.

ముందుగా చేసిపెట్టుకునేవాటికి విడిగా నాలుగు పేజీలు కేటాయించండి. అల్లం, వెల్లుల్లి సమాన తూకంలో, కాస్త ఉప్పు, నూనెతో రుబ్బి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు. నూనెలో వెల్లుల్లిని బయట గట్టు మీద ఉంచొద్దు, ప్రాణాంతకమైన బాక్టీరియా పెరిగే ప్రమాదముంది. చింతపండు 100 గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి, గుజ్జు తీసి, ఉప్పుతో ఉడికించి చల్లార్చాక గుజ్జు మొత్తం తూచండి. 250 గ్రాములు వస్తే, 25 గ్రాముల గుజ్జు 10 గ్రాముల చింతపండుకు సమానం. ఆ అంకె సీసా మీద రాస్తే పొద్దున నానబెట్టే పని ఉండదు. రెండు వారాలకు మించి ఉంచాలంటే ఐసు గడుల్లో పోసి డీప్ ఫ్రీజ్ చేసుకోవచ్చు. కందిపొడి, కరివేపాకు పొడి తడి తగలకుంటే నెల రోజులు. రేపటి పులిహోరకు ఈ రాత్రి వండిన అన్నమైతే పళ్లెంలో పరిచి ఆరబెట్టి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి ఎక్కించాలి. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని వేడి చేసినా అందులో పుట్టిన విషం పోదు.

ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో అందరి గ్రూపులో పెట్టండి. పేజీలో చేతిపని, కొలత, నిమిషాలు అన్నీ ఉన్నాయి కాబట్టి మీరు ఆలస్యంగా వచ్చే రోజున పొయ్యి ఎవరైనా వెలిగించొచ్చు. ఆరు నెలలకోసారి ఫైలు తిరగేసి, ఆ మధ్యలో ఒక్కసారి కూడా వండని పేజీని తీసేసి, ఆ కవరును కొత్తదానికి ఖాళీగా ఉంచండి.